పార్కింగ్ కాంక్రీట్ పోసాక జాయింట్లు ఎప్పుడు కొయ్యాలి? మేస్త్రీ వారం ఆగమంటున్నాడు

బోడుప్పల్_బాలు

నమస్తే అండి అందరికీ. బోడుప్పల్‌లో మా ఇంటి పక్కన గేటు నుంచి వెనక బోరు దాకా 42 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఖాళీ జాగా ఉంది. ఇదివరకు వేయించిన పార్కింగ్ టైల్స్ కారు ఎక్కి దిగి సగం లేచిపోయాయి, అవన్నీ పీకేసి మొరం పోయించి నీళ్లు కొట్టి రోలర్‌తో తొక్కించాం, ఇప్పుడు దాని మీద 5 అంగుళాల మందంతో రెడీమిక్స్ ఎం25 (బలాన్ని బట్టి పెట్టే గ్రేడు) కాంక్రీట్ పోయిద్దామని. లెక్కేస్తే 10 క్యూబిక్ మీటర్లు వస్తోంది, అంటే రెండు బండ్లు. వచ్చే గురువారం సాయంత్రం పోత అనుకున్నాం, పగలు ఎండ చూస్తున్నారుగా 40 కొడుతోంది.

నా డౌటు జాయింట్ల గురించి, అంటే ఇష్టమొచ్చిన చోట పగలకుండా కాంక్రీట్ మీద కోసే గీతలు. మేస్త్రీని అడిగితే "ఇనప జాలి వేస్తున్నాం కద సార్ ఇంకా కోతలెందుకు, మీకంత కావాలంటే వారం నీళ్లు పట్టాక మార్బుల్ కట్టర్‌తో గీతలు కొట్టిస్తా" అన్నాడు. మా తమ్ముడు సివిల్ చదివాడు, వాడేమో 28 రోజులకి గానీ కాంక్రీట్‌కి బలం రాదు అప్పటిదాకా దాని మీద మిషన్ పెట్టకూడదు అంటాడు. రెడీమిక్స్ ప్లాంట్‌లో ఫోన్ ఎత్తినతను "తెల్లారేసరికి కోసేయండి" అని పెట్టేశాడు. ముగ్గురివి మూడు మాటలు, ఎవరిది వినాలో తెలీట్లేదు. మా వెనక వీధిలో ఒకాయన పోయించి ఏడాది కాలేదు, మూసీ మ్యాప్ గీసినట్టు ఈ గోడ నుంచి ఆ గోడకి పగిలింది, అది చూశాక నిద్ర పట్టట్లేదు.

ఇంకోటి, గేటు దగ్గర మూలకి సంపు ఉంది, దాని మూత కొత్త కాంక్రీట్ బెడ్డు లెవెల్‌కే వస్తుంది. సంపు మీద నుంచి కూడా కొయ్యాలా?

మేడ్చల్_సైట్

బాలు గారు, మేం మేడ్చల్ వైపు గోడౌన్ ఫ్లోర్లు వేస్తుంటాం కాబట్టి ఇది రోజూ పడే తిప్పలే. ముగ్గురిలో ప్లాంట్ అతనే నిజానికి దగ్గరగా ఉన్నాడు, కాకపోతే తెల్లారడం అనేది కూడా గుడ్డి లెక్కే.

28 రోజులు అనేది క్యూబ్ టెస్టుకి (కాంక్రీట్ దిమ్మని నలగ్గొట్టి బలం చూడటానికి) పెట్టుకున్న గడువు, దానికీ కోతకీ సంబంధం లేదు, తమ్ముడికి చెప్పండి. కాంక్రీట్ గట్టిపడేటప్పుడు లోపల వేడి పుడుతుంది, ఆ వేడి తగ్గేకొద్దీ, నీరు ఆరేకొద్దీ అది ముడుచుకుంటుంది. కింద మొరం పట్టుకుని ఉంటుంది కాబట్టి ఫ్రీగా ముడుచుకోలేదు, లాగుడు పడుతుంది. ఆ వయసులో కాంక్రీట్‌కి లాగుడు తట్టుకునే శక్తి చాలా తక్కువ, అందుకని ఎక్కడ వీక్‌గా ఉంటే అక్కడ తెగుతుంది. మనం ముందే ఒక గీత లోతుగా కోసి పెడితే ఆ గీత కింద తెగుతుంది, పైకి కనపడదు. ఈ లాగుడు ఎక్కువగా వచ్చేది మొదటి రాత్రి, మర్నాడు పొద్దున చల్లబడేటప్పుడు. వారం తర్వాత కోస్తే అప్పటికి తెగాల్సింది ఎక్కడో తెగే ఉంటుంది, మీ కంటికి కనపడటానికి ఇంకో నెల పడుతుందంతే.

ఇక టైము. మామూలు కటింగ్ మిషన్‌తో అయితే ఫినిషింగ్ అయిపోయినప్పటి నుంచి 4 గంటలకి మొదలెట్టి 12 గంటల లోపు కోత అయిపోవాలి, మంచి ఎండాకాలంలో 4 వైపు, చలికాలంలో 12 వైపు. ఫినిషింగ్ అయిన 1 నుంచి 4 గంటల్లోనే కోసే తేలిక మిషన్లు వేరే ఉంటాయి గానీ ఇళ్ల పనికి అవి దొరకవు, వదిలేయండి. పైగా ఎండాకాలం మిక్స్‌లో బండి దారిలో గట్టిపడకుండా రిటార్డర్ వేస్తారు, ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) కూడా ఉంటుంది, రెండూ కలిస్తే సెట్టింగ్ లేటవుతుంది. ప్లాంట్‌కి ఫోన్ చేసి ఈ రెండూ ఎంత వేస్తున్నారో అడగండి. ఏదేమైనా గడియారం చూసి కొయ్యకండి, మేకు పెట్టి చూడండి. ఓ మూల మేకుతో గీకండి, లోతుగా దిగి మట్టిలా లేస్తే ఇంకా పచ్చిగా ఉంది. తెల్ల గీత మాత్రమే పడితే ఒక అడుగు కోసి చూడండి, అంచు కొంచెం గరుగ్గా ఉన్నా ఫర్వాలేదు, కంకర రాయే ఊడొస్తుంటే ఆపి అరగంట ఆగండి.

కోత లోతు మందంలో నాలుగో వంతు. మీది 5 అంగుళాలు కాబట్టి అంగుళంపావు, 32 ఎంఎం. అరంగుళం గీత గీసి జాయింట్ అంటే అది ముగ్గు. గళ్ల సైజు మందానికి 24 నుంచి 30 రెట్లు, అంటే 10 నుంచి 12న్నర అడుగులు. మీకు 20 వెడల్పుని మధ్యలో ఒక కోతతో రెండు 10లు చేసి, 42 పొడవుని మూడు కోతలతో నాలుగు పదిన్నరలు చేస్తే అన్నీ దాదాపు చదరం గళ్లు, బ్రహ్మాండంగా కుదిరింది. పొడుగు గళ్లు మాత్రం వద్దు, వెడల్పుకి పొడవు ఒకటిన్నర రెట్లు దాటితే మధ్యలో ఇంకో పగులు తనే వేసుకుంటుంది.

సంపు మీద కొయ్యనే కొయ్యొద్దు. సంపు పైకప్పు కడ్డీలతో వేసిన స్లాబ్, దాన్ని కోస్తే మీ కారు నీళ్లలో ఉంటుంది. సంపు చుట్టూ, స్టిల్ట్ పిల్లర్లు ఉంటే వాటి చుట్టూ, కాంపౌండ్ గోడ వెంట అరంగుళం థర్మకోల్ పెట్టి విడగొట్టండి, ఆ తర్వాతే పోత. వీలైతే ఒక కోత గీత సంపు మూలకి వచ్చేలా కలపండి, పగుళ్లు మొదలయ్యేది ఎప్పుడూ అలాంటి లోపలి మూలల దగ్గరే.

పాత_గచ్చు

ఇదంతా ఇప్పటోళ్ల హడావిడి అండి. వనస్థలిపురంలో మా నాన్నగారు కట్టిన ఇంట్లో మొజాయిక్ గచ్చు 40 ఏళ్లయింది, ఒక్క కోత లేదు ఒక్క పగులు లేదు. అప్పట్లో ఏ మిషన్ ఉంది? మంచి సిమెంటు, మంచి ఇసుక, కడుపు నిండా నీళ్లు పడితే చాలు. జాలి కూడా వేస్తున్నారు, మేస్త్రీ చెప్పింది కరెక్టే.

మేడ్చల్_సైట్

పెద్దాయనా, ఒక్కసారి ఆ గచ్చు దగ్గరికెళ్లి చూసి చెప్పండి, మధ్య మధ్యలో గాజు పట్టీలు ఉన్నాయా లేవా?

పాత_గచ్చు

ఉన్నాయి. మూడు నాలుగడుగులకొకటి ఉంది. డిజైన్ కోసం అనుకున్నా ఇన్నాళ్లూ 😅

మేడ్చల్_సైట్

అవే సార్ మీ జాయింట్లు. ఆనాటి మేస్త్రీలు ముందే గాజు పెట్టి గడి గడిగా పోసేవారు, ఏ గడికి ఆ గడి ముడుచుకునేది. మిషన్ లేకుండా చేసిన కోత అది.

జాలి సంగతి కూడా చెప్పేస్తా. జాలి పగులుని ఆపదు, వచ్చిన పగులు నోరు తెరవకుండా పట్టుకుంటుంది, అంతే దాని పని. అది కూడా పైనుంచి మూడో వంతు లోతులో ఉంటేనే. మన దగ్గర జాలి మొరం మీద పరిచి పోస్తారు, కూలీలు దాని మీదే నడుస్తారు, చివరికి అది అడుగున పడుకుని ఉంటుంది. కవర్ బ్లాకులు (చిన్న సిమెంటు దిమ్మలు) పెట్టి ఎత్తించండి, "పోసేటప్పుడు కొక్కెంతో లాగుతాం సార్" అంటే నమ్మకండి.

కూకట్‌పల్లి_అక్క

బాలు తమ్ముడు, నీ మేస్త్రీ మాట వినకు, నేను విని చూశాను. మూడేళ్ల కింద మా ఇంటి ముందు 4 అంగుళాల బెడ్డు వేయించాం, పనోడు బాగానే చేశాడు, నున్నగా అద్దంలా వచ్చింది, కోతలు మాత్రం ఎనిమిదో రోజు పెట్టారు. ఎంత నీటుగా కోశారంటే స్కేలు పెట్టి గీసినట్టు. వానాకాలం వచ్చాక ఒకరోజు కడుగుతుంటే నీళ్లు ఆరిన చోట సన్నగా తడి గీత మిగిలింది, ఏంటా అని వంగి చూస్తే పగులు, ఆ కోసిన గీతకి జానెడు దూరంలో దానికి సమానంగా మొత్తం వెడల్పునా పోయింది!! కోత ఇక్కడ, పగులు అక్కడ. రెండూ పక్కపక్కనే ఉంటే చూసేవాళ్లకి రెండూ పగుళ్లే అనిపిస్తాయి. ఇప్పుడు దాంట్లో గడ్డి మొలుస్తోంది, వారానికోసారి పాత స్క్రూడ్రైవర్‌తో పీకుతుంటాను.

మేస్త్రీని పిలిచి చూపిస్తే ఏమన్నాడో తెలుసా, నీళ్లు సరిగా పట్టలేదమ్మా అన్నాడు. పొద్దున సాయంత్రం పైపు పట్టుకుని నిలబడ్డది నేను!

గ్రూవ్_కటింగ్_అన్న

అక్క జెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను పదేండ్ల సంది గిదే పని జేస్తున్న. వారమైనంక పిలుస్తరు అందరు, పోతె బ్లేడు అరుగుడు తప్ప ఏం ఫాయిదా లేదు, అయిన పైసలిస్తున్నరు గద అని కోసి వస్త. అర్ధరాత్రి పిలిచేటోళ్లు గోడౌనోళ్లు, రోడ్లోళ్లే.

బాలన్న, నీది లెక్క జేసిన, 42 ఒకటి, 20లు మూడు, మొత్తం 102 అడుగులు. కోసుడు గంట పని, మిషన్ ఆటోల ఎక్కించుకొని వచ్చుడే పెద్ద పని, గందుకే ఎవరైన మినిమం చార్జి అడుగుతరు, అడుగు లెక్క రమ్మంటె రారు. మీ మేస్త్రీ మార్బుల్ కట్టర్ అంటె 4 అంగుళాల బ్లేడే తెస్తడు, దాంతోని 32 ఎంఎం దిగుడు కష్టం, మోటరు బాడీ నేలకు తాకి ఆగుతది. 5 అంగుళాల గ్రైండర్‌తోని అయితది గాని గీత సక్కగ రావాలంటె బద్ద పట్టి కొయ్యాలె. తోసుకుంటపోయే పెట్రోల్ మిషన్ అయితె మంచిగ, గోడ పక్కపొంట చివరి అడుగు మాత్రం దానికి అందదు, గక్కడ గ్రైండర్ పెట్టి ఖతం చెయ్యాలె. చాన మంది గా అడుగు ఇడిసిపెడ్తరు, పగులు ఆడికెల్లే షురువైతది.

మేకు సంగతి సార్ జెప్పిండు, నేను బ్లేడు సంగతి జెప్త. బ్లేడు పెట్టంగనే పెరుగుల గంటె దిగినట్టు మెత్తగ పోయిందనుకో, ఆపెయ్. గట్టిపడినంక సప్పుడు మారుతది, ఒకటే తీరు కర్రుమని వస్తది, కంకర తాకినా గదే సప్పుడు ఉండాలె, టకటక ఎగురొద్దు. కోసినంక గాడిల నీళ్లు గొట్టి లైటు ఏసి సూడు, కంకర రాయి సగానికి తెగి లోపల నున్నగ మెరువాలె. రాయి ఊడిన గుంతలు కనవడ్తె ఇంక టైం కాలె.

కోసంగనే సిమెంటు పాలు కడుక్కోవాలె, ఆ బురద గిట్ల ఆరిందంటె తెల్ల మరక పోనే పోదు. కరెంటు మిషన్ అయితె తడి నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టకుండ్రి, మా పోరడు ఒకడు షాక్ గొట్టి ఎగిరి పడ్డడు, బతికిండు. పొడి కోత గూడ వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులల్ల పడితె పోదు.

బోడుప్పల్_బాలు

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. మేస్త్రీకి ఈ ముక్కలన్నీ చదివి వినిపించా, "సరే సార్ మీ ఇష్టం, పగిలితే నన్నడగొద్దు" అన్నాడు 🙂

ఒక ఇబ్బంది. గురువారం సాయంత్రం పోస్తే కోత అర్ధరాత్రి దాటాక వస్తుంది, మా కాలనీలో ఆ టైంలో మిషన్ పెడితే కొట్టేస్తారు. పొద్దున 5కి పోస్తే మధ్యాహ్నానికి కోయొచ్చు కదా?

మేడ్చల్_సైట్

పోయొచ్చు, కానీ పొద్దున పోసింది సరిగ్గా పచ్చిగా ఉన్నప్పుడే 10 గంటల ఎండ, వేడి గాలి దాని మీద పడతాయి. పైన నీరు ఎగిరిపోయి గంటలోపే కోడికాళ్లలా చిన్న చిన్న నెర్రెలు వస్తాయి, అది వేరే జబ్బు, దానికి జాయింట్ కోత మందు కాదు. గ్రీన్ నెట్ కట్టి, ఫినిషింగ్ అయిన చోటల్లా వెంటనే పాలిథీన్ కప్పుకుంటూ పోగలిగితే పొద్దున పోయండి. లేదంటే సాయంత్రమే నయం, పక్కింటాయనకి ముందే చెప్పుకోండి, ఒక్క రాత్రే కదా.

ఏ టైంలో పోసినా ముందు మొరం తడపండి, నీళ్లు నిలవకూడదు. బండి వచ్చాక చిక్కగా ఉందని డ్రైవర్‌తో నీళ్లు కలిపించొద్దు, పోయడం తేలికవుతుంది గానీ ముడుచుకోవడం ఎక్కువవుతుంది.

బోడుప్పల్_బాలు

అప్‌డేట్. శుక్రవారం పొద్దున 8 గంటలు, రాత్రంతా నిద్ర లేదు, తప్పులుంటే క్షమించండి.

మొదటి బండి సాయంత్రం 6కి వచ్చింది, రెండోది ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఇరుక్కుని 7:40కి వచ్చింది. ఈ గ్యాప్‌లో మొదటి సగం అంచు గట్టిపడుతుందేమోనని అక్కడ తడి గోనె సంచులు కప్పి ఉంచాం. ఫినిషింగ్ అయ్యేసరికి 9:30. పన్నెండున్నరకి టార్చ్ పట్టుకుని మేకు గీకితే రెండు వైపులా అన్నంలో వేలు పెట్టినట్టే ఉంది. రెండింటికి గేటు వైపు, అంటే మొదటి బండి వైపు, తెల్ల గీత పడుతోంది, వెనక బోరు వైపు ఇంకా మట్టి లేస్తోంది. అప్పుడు అర్థమైంది గడియారం చూడొద్దని ఎందుకన్నారో, ఒకటే బెడ్డు, రెండు వయసులు.

మిషన్ అతన్ని రెండింటికల్లా పిలిపించి కూర్చోబెట్టా, టీ మీద టీ. మూడుంపావుకి గేటు వైపు ఒక అడుగు కోసి చూశాం, రాయి ఒక్కటి ఊడింది మిగతావి తెగాయి, ఇంకో పది నిమిషాలు ఆగి మొదలెట్టాం. వెనక సగం మాత్రం అయిదింటి దాకా ఆగాల్సొచ్చింది, పక్కింటి అంకుల్ సుప్రభాతం పెట్టేసరికి మేం చివరి కోతలో ఉన్నాం. ఆయన గోడ మీద నుంచి చూసి తిడతాడనుకున్నా, "మా దానికి ఇలాగే చేసుండాల్సింది" అని లోపలికెళ్లి ఇంకో లైటు తెచ్చి పట్టుకున్నాడు.

గాడిలో లోతు స్కేలు పెట్టి చూశా, 32 నుంచి 35 మధ్య ఉంది. కడిగేశాం, గోనె సంచులు పరిచి తడుపుతున్నాం. మళ్లు కట్టి నీళ్లు నిలపాలా, సంచులు చాలా? ఎన్ని రోజులు?

మేడ్చల్_సైట్

శభాష్. సంచులు చాలు కానీ ఎప్పుడూ తడిగా ఉండాలి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి అంటే ఈ ఎండకి గంటలో ఆరిపోతాయి. ఐఎస్ 456 (కాంక్రీట్ పనికి మన దేశంలో వాడే కోడ్) ప్రకారం మామూలు ఓపీసీ సిమెంటుకి 7 రోజులు, ఎండకీ, ఫ్లై యాష్ కలిసిన మిక్స్‌కీ 10 రోజులు, మీది ఆ రెండోదే, వీలైతే 14 చేయండి. గాడిలో కూడా తడి వెళ్లాలి, కాకపోతే ఇసుకా మట్టీ పడకుండా ఏదైనా తాడు కుక్కి ఉంచండి. కారు ఇప్పుడే ఎక్కించకండి.

బోడుప్పల్_బాలు

నెల రోజుల తర్వాత చెప్తున్నా. నాలుగు కోతల్లో మూడింటి అడుగున, మొబైల్ లైటు ఏటవాలుగా పెట్టి చూస్తే, వెంట్రుక మందాన పగులు కనపడుతోంది, గాడి లోపలే ఉంది, పైకి ఏమీ లేదు. నాలుగో దాంట్లో ఏం కనపడలేదు. గళ్ల మధ్యలో ఎక్కడా ఒక్కటీ లేదు.

ఒక్కచోట మాత్రం దెబ్బతిన్నాం. సంపుకి మూడు వైపులా థర్మకోల్ పెట్టాం, గేటు వైపు మాత్రం మేస్త్రీ "అక్కడ అరంగుళం జాగా ఎక్కడుంది సార్" అని వదిలేశాడు, నేనూ రాత్రి హడావిడిలో పట్టించుకోలేదు. సరిగ్గా ఆ మూల నుంచే గేటు వైపు ఏటవాలుగా రెండడుగుల పగులు. అంత చెప్పించుకుని కూడా.

దాన్నేం చెయ్యాలి, గాడులు ఎప్పుడు నింపాలి?

మేడ్చల్_సైట్

సంపు మూల పగులు వెంబడి గ్రైండర్‌తో చిన్న వి గాడి చేసి, జాయింట్లతో పాటే నింపేయండి, రెండడుగులే కాబట్టి అక్కడితో సరి. సిమెంటుతో పూయకండి, ఒక్క ఎండాకాలానికి ఊడుతుంది. ముడుచుకోవడం చాలావరకు మొదటి కొన్ని నెలల్లోనే జరుగుతుంది కాబట్టి ఆగేకొద్దీ మంచిది, కానీ వాన నీరు గాడిలోంచి మొరంలోకి దిగకూడదు, అందుకని వానలు మొదలయ్యే ముందు, బాగా ఆరి ఉన్నప్పుడు, గాడి ఊది దుమ్ము తీసి కింద ఫోమ్ తాడు కుక్కి పైన పీయూ సీలెంట్ (రబ్బరులా సాగే పాలియురెథేన్) వేయండి. తాడు లేకుండా నింపితే సీలెంట్ అడుగుకి కూడా అంటుకుని చిరుగుతుంది.

కూకట్‌పల్లి_అక్క

తమ్ముడు ఆ మిషన్ అతని నంబరు నాకు మెసేజ్ పెట్టు, మా వెనక వైపు బెడ్డు పోయించాలి. ఈసారి టీ నేనే పెడతా.